చేతికి గురువు... చెవికి సాధన

గిటార్‌ను క్లాసుకెళ్లి నేర్చుకోవడం మేలా, సొంతంగా నేర్చుకోవడం మేలా? మహారాష్ట్ర సరిహద్దులోని ఇస్లాపూర్ నుంచి చూస్తే ఈ ప్రశ్న కాస్త వేరుగా కనిపిస్తుంది. జవాబు మాత్రం పాలకొల్లులో కొంత, మద్రాసులో కొంత, లివర్‌పూల్‌లో కొంత దొరుకుతుంది.

గిటార్ ఇప్పుడు ఏ ఊరికైనా వస్తుంది. నాందేడ్ జిల్లా ఇస్లాపూర్‌లో కూర్చుని ఫోన్‌లో ఆర్డర్ పెడితే కొద్దిరోజుల్లో పొడవాటి అట్టపెట్టె చేతికందుతుంది. అందులో గిటార్‌తోపాటు సంచి, భుజానికి తగిలించుకునే పట్టీ, మీటడానికి రెండు మూడు పిక్‌లు, ఒక్కోసారి అదనపు తీగల సెట్టు కూడా ఉంటాయి. నేర్పే మనిషిని మాత్రం కొన్నవాళ్లే వెతుక్కోవాలి.

ఇస్లాపూర్ కిన్వట్ తాలూకాలో ఉంది. పెన్‌గంగ మీది సహస్రకుండ్ జలపాతం ఈ ఊరికి దగ్గర. 1956 దాకా ఇది ఆదిలాబాద్ జిల్లా బోథ్ తాలూకాలో ఒక సర్కిల్. ఆ ఏడాది నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో కిన్వట్, రాజురా తాలూకాలతోపాటు బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960 మే 1న మహారాష్ట్రలో భాగమైంది. గీత మారినా మాట మారలేదు. మరాఠీ, తెలుగు, గోండి, బంజారా భాషలు పక్కపక్కనే వినిపించే ప్రాంతమిది. సంగీతానికీ కొదవ లేదు. భజన మండళ్లలో హార్మోనియం, పఖవాజ్, తాళాలు మోగుతాయి. ఆదిలాబాద్ వైపు గోండుల కథాగాయకులైన పర్ధాన్‌లు మూడు తీగల కిక్రిని కమానుతో పలికిస్తారు. ఆ విద్యకు బడి లేదు. కొడుకు తండ్రి వెంట తిరుగుతూ, పక్కన కూర్చుని వింటూ నేర్చుకుంటాడు.

గిటార్ క్లాసంటే మాత్రం నాందేడో, నిజామాబాదో, హైదరాబాదో గుర్తొస్తుంది. నగరంలో ఉన్నవారికి క్లాసా, సొంత సాధనా అన్నది ఇష్టానికీ ఫీజుకూ సంబంధించిన సంగతి. రైలెక్కితే తప్ప మాస్టారు దొరకని చోట అది దూరానికి సంబంధించిన సంగతి. అందుకే ఇక్కడి పిల్లలకు ఏది ఎవరి దగ్గర నేర్చుకోవాలో, ఏది ఇంట్లో తామే సాధించుకోవాలో ముందే తెలియడం అవసరం. పేరుపొందిన వాద్యకారుల చదువు ఎలా సాగిందో చూస్తే ఆ లెక్క చాలావరకు తేలుతుంది.

మాండలిన్ రాని గురువు

1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ను లోకం మాండలిన్ శ్రీనివాస్‌గా గుర్తుపెట్టుకుంది. తండ్రి సత్యనారాయణకు క్లారినెట్, మాండలిన్ వచ్చు. ఆరేళ్ల వయసులో పిల్లాడు నాన్న మాండలిన్ తీసి మీటడం మొదలుపెట్టాడు. కొడుకు ఆసక్తి చూసి తండ్రి కొత్త మాండలిన్ కొనిచ్చి, తనకు తెలిసిన మేరకు నేర్పారు. తర్వాత తన గురువైన రుద్రరాజు సుబ్బరాజు దగ్గరికి పంపారు.

సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనది గాత్రం, మాండలిన్ రాదు. కాబట్టి పాఠం ఒక్కటే పద్ధతిలో సాగింది. గురువు పాడతారు, శిష్యుడు ఆ పాటను తీగల మీద వెతుక్కుంటాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో, మీటు పైకో కిందికో చెప్పేవారు లేరు. గొంతులో గమకం ఎలా ఊగిందో తీగ మీదా అలాగే ఊగాలి. అది ఎలా సాధించాలన్నది శిష్యుడి పని.

ఆ వెతుకులాట వాద్యాన్నే మార్చేసింది. మాండలిన్‌కు మామూలుగా నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగల్ని కలిపి లాగి గమకం పలికించడం కష్టం. పైగా మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకున్నారు. జంటలు తీసేసి ఒంటి తీగలు బిగించారు. తర్వాత అయిదో తీగ చేర్చుకున్నారు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసినప్పుడు ఆయన వయసు తొమ్మిదేళ్లు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే కన్నుమూశారు.

ఈ కథను గురుశిష్య పరంపరకు సాక్ష్యంగా చెప్పేవారున్నారు, స్వయంకృషికి ఉదాహరణగా చెప్పేవారూ ఉన్నారు. వివరంగా చూస్తే ఇందులో మూడు పనులు కనిపిస్తాయి. వాద్యం పట్టుకోవడం, తొలి మీట్లు తండ్రి చూపారు. సంగీతం సుబ్బరాజు ఇచ్చారు. ఆ సంగీతాన్ని ఆ చేతిలోకి తెచ్చుకున్నది శ్రీనివాస్. గిటార్ పట్టిన ఎవరికైనా ఈ మూడూ జరగాలి. మొదటిదానికి ఆ వాద్యం వచ్చిన మనిషి కావాలి, అదీ కొద్దిసార్లు. రెండోదానికి సంగీతం తెలిసినవారు ఎవరైనా చాలు. మూడోది ఇంకొకరు చేసిపెట్టేది కాదు.

ఒంటరిగా నేర్చినవారు

గిటార్ చరిత్రలో గురువు లేని గొప్పవాళ్ల జాబితా పెద్దదే. అమెరికా జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ దాదాపు ఇరవయ్యేళ్ల వయసులో చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని గిటార్ పట్టారు. ఆ సోలోలను చెవితో విని ఒక్కొక్కటిగా దించుకున్నారు. స్వరలిపి చదవడం ఆయనకు రాదు. సాధన చప్పుడు ఇరుగుపొరుగుకు ఇబ్బంది కాకూడదని పిక్ వదిలేసి బొటనవేలి మెత్తటి భాగంతో మీటారని చెబుతారు. ఆ మెత్తని నాదమే తర్వాత ఆయన ముద్ర అయింది.

నార్త్ కరొలినాలో 1893లో పుట్టిన ఎలిజబెత్ కాటెన్‌ది ఎడమచేతి వాటం. తీగలు మార్చకుండానే మామూలు గిటార్‌ను తిరగేసి పట్టుకుని సొంతంగా నేర్చుకున్నారు. దాంతో అందరూ బొటనవేలితో వాయించే మంద్రస్వరాలు ఆవిడ వేళ్లకు, వేళ్లతో వాయించే పాట ఆవిడ బొటనవేలికి వచ్చాయి. తొంభై ఏళ్లు దాటాక గ్రామీ అవార్డు అందుకున్నారు. ఏ క్లాసులో చేరినా మొదటిరోజే గిటార్ తిప్పి పట్టుకోమనేవారు.

అయితే ఒంటరిగా నేర్చుకోవడమంటే అచ్చంగా ఒంటరిగా ఉండటం కాదని లివర్‌పూల్ కుర్రాళ్ల కథ చెబుతుంది. బి7 కార్డ్ (కొన్ని స్వరాలను కలిపి పలికించే పట్టు) తెలిసినవాడు ఒకడున్నాడని తెలిసి, బస్సెక్కి ఊరి ఆ చివరికి వెళ్లి నేర్చుకొచ్చామని ఆ ఊరి రాక్ సంగీతకారుడు పాల్ మెకార్ట్‌నీ చాలాసార్లు చెప్పారు. ఆయనా, జార్జ్ హారిసనూ క్లాసుకు వెళ్లలేదు. కానీ తమకు రాని ఒక్క కార్డ్ కోసం ఊరు దాటారు. అది వచ్చిన మనిషి చెయ్యి చూసి తిరిగొచ్చారు.

తెలుగునాట చర్చి గాయక బృందాల్లో గిటార్ ఇలాగే చేతులు మారుతుంది. ఆదివారం ఆరాధనకు ముందు పెద్దవాడు వాయిస్తుంటే చిన్నవాడు పక్కన నిలబడి వేళ్లు చూస్తాడు. పాట పుస్తకంలో పదాల మీద పెన్సిల్‌తో రాసిన కార్డ్ పేర్లే పాఠ్యాంశం. దాన్ని క్లాసు అనలేం, స్వయం సాధన అనీ అనలేం.

తన చెయ్యి తనకు కనిపించదు

సొంతంగా నేర్చుకునేవారి ప్రయాణం తరచూ ఒకేచోట ఆగుతుంది. అది ఎఫ్ కార్డ్. అప్పటిదాకా సి, జి, డి, ఈ మైనర్ లాంటివి వస్తాయి. వాటిలో కొన్ని తీగల్ని వదిలేయొచ్చు. ఎఫ్ పూర్తి రూపంలో మొదటి ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీల మధ్య గడి) మీద చూపుడు వేలు ఆరు తీగల్నీ అడ్డంగా నొక్కాలి. నడివేలు మూడో తీగ రెండో ఫ్రెట్ మీద, ఉంగరపు వేలు అయిదో తీగ మూడో ఫ్రెట్ మీద, చిటికెన వేలు నాలుగో తీగ మూడో ఫ్రెట్ మీద పడాలి. కుర్రాడు నొక్కుతాడు. రెండు తీగలు పలుకుతాయి, మిగతావి మూగవోతాయి. బలం చాలలేదనుకుని బొటనవేలు బిగిస్తాడు. మణికట్టు వంగుతుంది. పది నిమిషాలకు నొప్పి మొదలవుతుంది. వారానికి గిటార్ గోడకెక్కుతుంది.

తెలిసినవారు పక్కనుంటే రెండు నిమిషాల్లో మూడు మాటలు చెబుతారు. చూపుడు వేలిని బల్లపరుపుగా కాకుండా, ఎముక గట్టిగా ఉండే పక్కకు కాస్త దొర్లించు. వేలిని ఫ్రెట్ కమ్మీకి దగ్గరగా జరుపు. బొటనవేలితో నొక్కే బదులు మోచేతిని ఒంటివైపు కొద్దిగా లాగు, చేతి బరువే తీగల్ని నొక్కుతుంది. ఇవేవీ రహస్యాలు కావు, వీడియోల్లోనూ ఉంటాయి. కానీ తన తప్పు ఈ మూడింట్లో ఏదో నేర్చుకునేవాడికి తెలియదు. తన మణికట్టు ఎంత వంగిందో పైనుంచి చూసే కళ్లకు సరిగా ఆనదు.

ఒక్కోసారి తప్పు చేతిది కానేకాదు. స్టీల్ తీగల గిటార్‌కు పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకూ కమ్మీకీ మధ్య సుమారు రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఎడం ఉంటే వేళ్లకు సుఖం. చవక గిటార్లలో అది నాలుగు మిల్లీమీటర్ల దాకా ఉండటం అరుదేమీ కాదు. ఆ గిటార్ మీద ఎఫ్ పట్టడం అనుభవజ్ఞులకే కష్టం. వేసవి ఎండకు చెక్క ఆరి మెడ వంగితే కొత్త ఇబ్బందులు మొదలవుతాయి. మాస్టారు ఒకసారి చేతిలోకి తీసుకుని వాయిస్తే చాలు, మెడలోని ఇనుప కడ్డీని పావు చుట్టు తిప్పాలో, తీగలు మార్చాలో, వంతెన మీది ప్లాస్టిక్ పట్టీని అరగదీయాలో చెప్పేస్తారు. చెప్పేవారు లేని పిల్లవాడు గిటార్ లోపాన్ని తన చేతకానితనంగా నమ్మి వదిలేస్తాడు. అన్నిటికన్నా బాధాకరమైన నష్టం ఇదే.

ఫోన్‌లో మాస్టారు

ఆస్ట్రేలియాకు చెందిన జస్టిన్ శాండర్‌కో 2003లో ఇంటర్నెట్‌లో గిటార్ పాఠాలు మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి వారో ఆ పాఠాలతోనే తొలి కార్డ్ పట్టారు. 2005లో యూట్యూబ్ వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మనదేశంలో డేటా చవకై, పల్లెల్లో కూడా గంటలకొద్దీ వీడియో చూడటం మామూలైంది. తెలుగు సినిమా పాటల కార్డ్స్ తెలుగులోనే చెప్పేవారు ఇప్పుడు ఎందరో ఉన్నారు. ఇస్లాపూర్ కుర్రాడికైనా, కూకట్‌పల్లి కుర్రాడికైనా ఆ పాఠం ఒక్కటే. ఇది నిజంగా గొప్ప మార్పు.

అయినా నిలబడేవారు తక్కువే. కొత్తగా గిటార్ పట్టినవారిలో 90 శాతం మంది ఏడాది తిరక్కుండానే వదిలేస్తున్నారని ఫెండర్ కంపెనీ అప్పటి సీఈఓ ఆండీ మూనీ చెప్పేవారు. వారిని నిలుపుకోవడానికే ఆ కంపెనీ 2017లో ఫెండర్ ప్లే అనే ఆన్‌లైన్ పాఠాలు తెచ్చింది. గిటార్లు అమ్మే సంస్థ పాఠాలు కూడా చెప్పాల్సి వచ్చిందంటే సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది.

యూసీషియన్ లాంటి యాప్‌లు ఫోన్ మైకుతో వింటాయి. స్వరం సరిగా పలికిందా, సమయానికి పడిందా చెబుతాయి. తాళజ్ఞానానికి ఇవి బాగా పనికొస్తాయి. స్వరం సరిగ్గా పలికినా మణికట్టు వంకరగా ఉంటే మాత్రం మైకుకు తెలియదు. ఆర్నెల్ల తర్వాత ఆ వంకరే వేగానికి అడ్డుపడుతుంది. వీడియోల మీదే ఆధారపడినవారికి ఇంకో చిక్కుంది. ఇరవై పాటల మొదళ్లు వస్తాయి, ఒక్క పాట కూడా చివరిదాకా రాదు. ఒకటి పూర్తయ్యేలోగా తెర మరోదాన్ని ముందుపెడుతుంది. ‘ముందు దీన్ని పూర్తిచెయ్’ అని గట్టిగా చెప్పే మనిషి విలువ అక్కడ తెలిసొస్తుంది.

క్లాసు ఏమిస్తుంది?

క్లాసు ఇచ్చే మొదటి మేలు క్రమం. ట్రినిటీ కాలేజ్ లండన్, రాక్‌స్కూల్ పరీక్షలు మనదేశంలోనూ జరుగుతాయి. తొలి మెట్టు దాటాక ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడ్లుంటాయి. పాటలతోపాటు స్వరశ్రేణులు, చూసి వాయించడం, విని గుర్తుపట్టడం లాంటి వాటికీ మార్కులుంటాయి. పరీక్ష తేదీ దగ్గరపడితే సాధన దానంతటదే పెరుగుతుంది.

ఇళయరాజా జీవితం ఇక్కడ చెప్పుకోదగ్గది. పణ్ణైపురం నుంచి అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరూ తిరిగి, చెవితోనే పాటను పట్టుకున్న కుర్రాడాయన. మద్రాసు చేరాక ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం క్రమంగా చదువుకున్నారు. ట్రినిటీ క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం సాధించారు. సలిల్ చౌధురి వాద్యబృందంలో గిటార్ వాయించారు. 1976లో తొలి సినిమా ‘అన్నక్కిళి’ వచ్చేనాటికి ఆయనకు చెవి, కాగితం రెండూ వశమయ్యాయి. తలలో వినిపించింది వినిపించినట్టు కాగితం మీద పెట్టి పెద్ద వాద్యబృందం చేత పలికించే శక్తి ఆ చదువుతో వచ్చింది. అయితే ఆ చదువు నిలిచింది ఊరూరూ తిరిగిన ఏళ్లలో పదునెక్కిన చెవి మీద.

చెవి ముందు సిద్ధమైతే బడి ఎంత తేలికవుతుందో చెప్పే సంఘటన విజయనగరంలోనూ ఉంది. అన్నగారి దగ్గర వయొలిన్ నేర్చుకుని, మిగతాదంతా సొంత సాధనతో పెంచుకున్న ద్వారం వెంకటస్వామి నాయుడు 1919లో అక్కడి మహారాజా సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరాలని వెళ్లారు. ప్రిన్సిపల్ ఆదిభట్ల నారాయణదాసు ఆయన వాయిద్యం విని అధ్యాపకుడిగా తీసుకున్నారు. 1936లో నాయుడుగారే ఆ కళాశాలకు ప్రిన్సిపల్ అయ్యారు.

క్లాసుతోనే సరిపెట్టుకునేవారికి వచ్చే లోటు వేరు. గ్రేడ్ పాటలు తప్పు లేకుండా వాయిస్తారు. ఇంట్లో పెళ్లిరోజున ఎవరైనా ఒక పాట అందుకుంటే మాత్రం ఏ కార్డ్ వేయాలో తోచదు. మాస్టారి ముందు గంట కూర్చుని, వారమంతా గిటార్ తాకకుండా, మళ్లీ అదే పాఠానికి వెళ్లేవారూ ఉంటారు. క్లాసు సాధనను సరిదిద్దగలదు, సాధన లేనిచోట దానికి పని లేదు.

పేరొచ్చాక పాఠానికి

గురువు ఆరంభంలోనే కావాలన్న నియమమేమీ లేదు. 1942లో యార్క్‌షైర్‌లో పుట్టిన జాన్ మెక్‌లాగ్లిన్ చిన్నప్పుడు పియానో నేర్చుకుని, పదకొండేళ్లకు గిటార్ పట్టి చాలావరకు సొంతంగానే ఎదిగారు. 1971లో మొదలైన మహావిష్ణు ఆర్కెస్ట్రాతో ప్రపంచమంతా పేరొచ్చింది. ఆ రోజుల్లోనే అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్.రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నారు. తర్వాత భారతీయ సంగీతకారులతో కలిసి నడిపిన ‘శక్తి’ బృందం కోసం ఫ్రెట్ల మధ్య చెక్కను లోతుగా చెక్కించిన గిటార్ తయారు చేయించుకున్నారు. వేలికింద ఖాళీ ఉంటే తీగను వీణ మీద లాగినట్టు లాగవచ్చు. తన చేతికి తెలియని గమకం కోసం ఆయన గురువును వెతుక్కున్నారు. గిటార్ పాఠం కోసమైతే ఆయనకు ఎవరి అవసరమూ లేదు.

1990ల చివర్లో ఆ బృందం ‘రిమెంబర్ శక్తి’గా మళ్లీ కలిసింది. 1999 నుంచి మెక్‌లాగ్లిన్ పక్కన కూర్చుని వాయించింది పాలకొల్లు శ్రీనివాసే. ఒకరు గాత్ర గురువు దగ్గర మాండలిన్ సాధించినవారు, మరొకరు వీణ గురువు దగ్గర గిటార్‌ను కొత్తగా చూసినవారు.

ఇస్లాపూర్‌లో అయితే...

ఇదంతా దగ్గర పెట్టుకుని చూస్తే దూరపు ఊళ్లోని విద్యార్థికి దారి కనిపిస్తుంది. గిటార్ కొన్న మొదటి మూడు నెలల్లో నెలకొకసారైనా నాందేడ్‌కో, ఆదిలాబాద్‌కో, ఎక్కడ తెలిసినవారుంటే అక్కడికి గిటార్ పట్టుకుని వెళ్లాలి. మొదటిసారి తీగల ఎత్తు, మెడ సరిచూపించుకోవాలి. కూర్చునే తీరు, రెండు చేతుల వాటం చూపించుకోవాలి. రెండోసారి కార్డ్ నుంచి కార్డ్‌కు మారే తీరు, మూడోసారి ఎఫ్. మధ్యలో ఫోన్‌ను చేతికి పక్కనుంచి పెట్టి నిమిషం వీడియో తీసి వాట్సాప్‌లో పంపితే చాలామంది మాస్టార్లు చూసి చెబుతారు. తర్వాత మూణ్నెల్లకోసారి వెళ్లినా సరిపోతుంది.

ఇంట్లో సాధన రోజుకు అరగంటైనా, రోజూ ఉండాలి. వారానికి ఒక్క పాటే తీసుకుని చివరిదాకా రావాలి. నెలకొక పాటకైనా కార్డ్స్ వీడియో చూడకుండా, విని తానే పట్టుకోవాలి. మొదట గంటలు పడుతుంది, తప్పులు వస్తాయి. మాంట్‌గోమరీ చేసింది ఇదే పని.

ఇక సంగీతం నేర్పే మనిషి కోసం ఊరు దాటనక్కర్లేదు. ముందుగా అడగాల్సింది భజన మండలిలో హార్మోనియం వాయించే పెద్దాయన్ని. ఆయనకు గిటార్ రాకపోయినా శృతి తెలుసు, తాళం తెలుసు, వందల పాటలు నోటికొచ్చు. ‘పాంఢరీ ఏక్’ శృతిలో, అంటే సి నుంచి, సరిగమలు పాడమని అడగాలి. గిటార్‌లో ఆ ‘స’ అయిదో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంటుంది. ‘రి’ నాలుగో తీగను నొక్కకుండా మీటితే వస్తుంది. ‘గ’ అదే తీగ రెండో ఫ్రెట్, ‘మ’ మూడో ఫ్రెట్. ‘ప’కు మూడో తీగను నొక్కకుండా మీటాలి, ‘ద’కు దాని రెండో ఫ్రెట్ నొక్కాలి. ‘ని’ రెండో తీగను నొక్కకుండా, పై ‘స’ దాని మొదటి ఫ్రెట్. కర్ణాటక సంగీతంలో శంకరాభరణం, హిందుస్తానీలో బిలావల్ అనే స్వరాలివే. ఆయన నల్లమెట్టు ఒకటికి, ‘కాళీ ఏక్’కు, శృతి మార్చితే గిటార్ మొదటి ఫ్రెట్‌కు కేపో (తీగలన్నిటినీ అడ్డంగా నొక్కిపట్టే క్లిప్పు) బిగించి వేళ్లను అదే వరసలో నడిపించవచ్చు. అది కుదిరాక మండలిలో ఆయన పాడే అభంగాల్లో (మరాఠీ భక్తిపాటల్లో) ఒకదాన్ని రెండుసార్లు విని, మూడోసారి ఆయనతోపాటు వాయించడానికి ప్రయత్నించాలి.